అయాన్ జంటను పాఠంలోకి రానివ్వండి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ కోచింగ్ సెంటర్ మెట్లెక్కి ఎవర్ని అడిగినా ఎస్‌ఎన్‌1 అనగానే ‘రెసిమైజేషన్’ అంటారు, ఎస్‌ఎన్‌2 అనగానే ‘ఇన్వర్షన్’ అంటారు. నిద్రలో లేపి అడిగినా ఇదే జవాబు. ఇంటర్ సెకండియర్‌లో హాలోఆల్కేన్ల పాఠం జరిగే గదుల్లో బోర్డు మీద రెండు గడులు గీసి ఈ రెండు మాటలూ రాస్తారు. మొదటి గడిలో అద్దంలో బింబాల్లాంటి కుడి, ఎడమ రూపాలు సగం సగం, రెండో గడిలో నూటికి నూరు తిరగబడిన రూపం. ఈఏపీసెట్‌లో మార్కు పడుతుంది, పాఠం అయిపోతుంది.

నేనూ ఆ వీధుల్లోనే ఆర్గానిక్ కెమిస్ట్రీ చెబుతాను, ఎమ్మెస్సీ ఎంట్రన్స్ రాసేవాళ్లకీ, సీఎస్ఐఆర్ నెట్ రాసేవాళ్లకీ. అంతకుముందు చాలా ఏళ్లు ఒక బల్క్ డ్రగ్ కంపెనీ ఆర్ అండ్ డీలో పనిచేశాను. రెండు వైపులా చూసినదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: ఆ మొదటి గడిలో రాసింది పిల్లలకు సగం నిజమే అందిస్తోంది. కార్బన్ నుంచి క్లోరిన్ ఊడటానికీ, అది నిజంగా దూరమైపోవడానికీ మధ్య ఒక దశ ఉంది. దాన్నే అయాన్ జంట అంటారు. మందుల తయారీతో బతికే ఈ హైదరాబాద్‌లో కెమిస్ట్రీ చదివే పిల్లలకు ఆ దశ గురించి ఇంటర్‌లోనే తెలియాలి.

పుస్తకంలో ఎస్‌ఎన్‌1 కథ ఇలా ఉంటుంది. కార్బన్-క్లోరిన్ బంధం తెగుతుంది. క్లోరైడ్ వెళ్లిపోతుంది. ధనావేశం ఉన్న కార్బోకాటయాన్ చదునుగా, ఒంటరిగా మిగులుతుంది. నీరు దాని మీదికి ముందు నుంచైనా వెనక నుంచైనా సమానంగా వస్తుంది కాబట్టి కుడి రూపం సగం, ఎడమ రూపం సగం. ఇందులో నాకు పేచీ ఒక్క వాక్యం దగ్గరే: ‘క్లోరైడ్ వెళ్లిపోతుంది.’ ఎక్కడికి వెళ్తుంది? ఎదురుగా ప్లస్ ఉండగా మైనస్ ఒక్కసారిగా ఎందుకు వదిలిపోతుంది?

సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు దిగిన ఇద్దరు అన్నదమ్ముల్ని తలుచుకోండి. దిగగానే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే ఉంటారు. నాలుగడుగులు వేసేసరికి మధ్యలో ఎవరో దూరతారు. చెయ్యి వదిలినా పిలిస్తే పలికేంత దగ్గరలోనే ఉంటారు. ఆ తర్వాతే జనంలో ఎవరి దారి వారిది. ద్రావణంలో అయాన్లదీ ఇదే వరస. మొదట ఒకదాన్నొకటి అంటుకుని ఉన్న జంట. తర్వాత మధ్యలో ద్రావణి అణువు దూరిన జంట. చివరికి విడి అయాన్లు. మొదటి దశ నుంచి వెనక్కి కలిసిపోవడం తేలిక, రెండో దశ నుంచి కొంచెం కష్టం. మూడో దశకు వెళ్లిన అయాన్‌కి తన పాత జతే మళ్లీ దొరకడం అరుదు.

ద్రావణాల్లో ప్లస్, మైనస్ అయాన్లు జంటలుగా ఉంటాయని డెన్మార్క్ శాస్త్రవేత్త నీల్స్ బెరూమ్ 1926లోనే లెక్క కట్టి చూపించాడు. ఎస్‌ఎన్‌1, ఎస్‌ఎన్‌2 అన్న పేర్లు 1930ల్లో లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి వచ్చాయి, క్రిస్టఫర్ ఇంగోల్డ్, ఎడ్వర్డ్ హ్యూస్‌ల పని అది. ఈ రెండింటినీ కలిపి, కార్బన్ చర్యల్లో అయాన్ జంటను పట్టి చూపించిన మనిషి కాలిఫోర్నియా యూనివర్సిటీ, లాస్ ఏంజెలెస్‌లో పనిచేసిన సాల్ విన్‌స్టీన్. 1951లో విలియం యంగ్, హార్లన్ గోరింగ్‌లతో కలిసి ఆయన ఒక డైమిథైల్ ఎల్లైల్ క్లోరైడ్‌ను అసిటిక్ ఆమ్లంలో వేసి చూశాడు. ఆమ్లంతో కలవాల్సిన పదార్థంలో చాలా భాగం కలవకుండానే తన రూపం మార్చుకుంది. క్లోరైడ్ ఒక కార్బన్ మీద ఊడి, అదే అణువులో ఇంకో కార్బన్ మీద అంటుకుంది. బయట తిరిగి వచ్చింది కాదు, పక్కనే ఉండి తిరిగి కలిసింది.

కుడి, ఎడమ రూపాలున్న పదార్థాలతో ఆయన వాడిన పద్ధతి ఎంత సాదాదో చూస్తే ముచ్చటేస్తుంది. ఒకే చర్యను రెండు గడియారాలతో కొలిచాడు. ఒక గడియారం పోలారిమీటర్. ఒకే రూపంలో ఉన్న పదార్థాన్ని ద్రావణిలో కరిగించి గొట్టంలో పోసి, సోడియం దీపపు పసుపు వెలుతురులో అది కాంతి తలాన్ని ఎంత తిప్పుతోందో, అంటే భ్రమణం ఎంత ఉందో చూస్తూ పోవాలి. రెండో గడియారం బ్యూరెట్. అదే ద్రావణం నుంచి అప్పుడప్పుడు కొంచెం తీసి, చర్యలో పుట్టిన ఆమ్లం ఎంతో టైట్రేట్ చేయాలి. పుస్తకం చెప్పిందే నిజమైతే రెండు గడియారాలూ ఒకే వేగంతో నడవాలి. బంధం తెగిన ప్రతి అణువూ ద్రావణితో కలిసి కొత్త పదార్థమవుతుంది, ఆమ్లాన్నీ వదులుతుంది కదా. కానీ అలా నడవలేదు. పోలారిమీటర్ ముందు పరిగెత్తింది, బ్యూరెట్ వెనకబడింది. భ్రమణం బాగా పడిపోయేసరికి పుట్టిన ఆమ్లం కొంచెమే.

దీనికి అర్థం ఒకటే. చాలా అణువుల్లో బంధం తెగింది, అయాన్ జంట ఏర్పడింది, ఆ జంట మళ్లీ కలిసిపోయింది. కలిసేటప్పుడు కొన్ని ఇటు తిరిగి కలిశాయి, కొన్ని అటు తిరిగి కలిశాయి. సీసాలో ఉన్నది మొదట వేసిన పదార్థమే, కొత్తదేమీ పుట్టలేదు. కానీ దాని కుడి-ఎడమల లెక్క మారిపోయింది. బయటి నుంచి చూస్తే ఏమీ జరగనట్టే ఉండే చర్య ఇది. పిల్లలు నేర్చుకున్న గడుల్లో దీనికి చోటే లేదు, ఎందుకంటే అక్కడ రెసిమైజేషన్ అనేది కొత్త పదార్థానికి జరిగే పని మాత్రమే.

విన్‌స్టీన్ ఇంకో అడుగు వేశాడు. కొన్ని చర్యల్లో అసిటిక్ ఆమ్లంలోకి చిటికెడు లిథియం పర్‌క్లోరేట్ వేయగానే ఆమ్లం పుట్టే వేగం ఒక్కసారిగా పెరిగి, ఆ తర్వాత ఎంత ఉప్పు వేసినా నెమ్మదిగానే పెరిగింది. మధ్యలో ద్రావణి దూరిన జంటను పర్‌క్లోరేట్ పట్టేసి పాత జతతో కలవకుండా చేస్తోందన్నమాట. అంటుకుని ఉన్న మొదటి జంట మాత్రం దానికి చిక్కలేదు. రెండు రకాల జంటలు ఉన్నాయని అలా తేలింది. ఇలాంటి పనికి అసిటిక్ ఆమ్లాన్ని ఎంచుకోవడంలోనే ఆయన తెలివి ఉంది. దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం 6 చుట్టూ ఉంటుంది, నీటిది 78. నీళ్లలో జంటలు చాలా త్వరగా విడిపోతాయి, అసిటిక్ ఆమ్లంలో అంత తేలిగ్గా విడిపోవు.

ఇదంతా ఎక్కడో అమెరికా ల్యాబుల కథ, మనకెందుకు అనుకునేవాళ్ల కోసం ఇంట్లోని మందుల డబ్బా తెరుస్తాను. తుమ్ములొచ్చినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా మన ఇళ్లలో వేసుకునే సెట్రిజిన్ మాత్ర అందరికీ తెలుసు. బెల్జియం కంపెనీ యూసీబీ తెచ్చిన మందు అది. దాని అణువులో నడిమి కార్బన్‌కి ఒక పక్క బెంజీన్ వలయం, ఇంకో పక్క క్లోరిన్ ఉన్న బెంజీన్ వలయం, మూడో పక్క పైపరజీన్ నైట్రోజన్ ఉంటాయి. ఆ కార్బన్ కుడి, ఎడమ రూపాల్లో ఉండగలదు. సెట్రిజిన్‌లో రెండూ కలిసి ఉంటాయి, లెవోసెట్రిజిన్‌లో ఒక్కటే ఉంటుంది. మందు గుణం ప్రధానంగా ఆ రూపానిదే. అందుకే లెవోసెట్రిజిన్ మోతాదు 5 మిల్లీగ్రాములు, సెట్రిజిన్‌ది 10.

ఇప్పుడు ఆశ్చర్యం చూడండి. నైట్రోజన్ బదులు క్లోరిన్ పెడితే అదే చట్రం పారా-క్లోరో బెంజ్‌హైడ్రిల్ క్లోరైడ్ అవుతుంది. 1960 ప్రాంతంలో విన్‌స్టీన్ బృందం అయాన్ జంటల కోసం శ్రద్ధగా కొలిచిన పదార్థాల్లో ఇది ఒకటి. విస్కాన్సిన్‌లో గోరింగ్ కూడా ఇదే చట్రాన్ని పట్టుకున్నాడు. క్లోరిన్ బదులు పారా-నైట్రో బెంజోయేట్ తగిలించి, అందులో ఉన్న రెండు ఆక్సిజన్లలో ఒకదానికి ఆక్సిజన్-18 గుర్తు పెట్టాడు. చర్య మధ్యలో ఆపి, ఇంకా మారకుండా మిగిలిన ఎస్టర్‌ను తీసి చూస్తే రెండు ఆక్సిజన్లూ తారుమారయ్యాయి. అంటే బెంజోయేట్ ఊడి, అటూ ఇటూ తిరిగి, మళ్లీ అంటుకుంది. పైగా ఆ తారుమారు రెసిమైజేషన్ కంటే వేగంగా జరిగింది. ఊడి మళ్లీ కలిసినవాటిలో చాలా అణువులు తమ పాత రూపంతోనే కలిశాయని దీని అర్థం. సోడియం అజైడ్ వేస్తే రెసిమైజేషన్ ఆగింది, ఆక్సిజన్ల తారుమారు మాత్రం కొంత సాగుతూనే ఉంది. అంటుకుని ఉన్న జంటను అజైడ్ కూడా విడదీయలేకపోయింది. ఇంత తీరైన ప్రయోగం ఎప్పుడు చెప్పినా నాకు గొంతు పెరుగుతుంది.

నేను పనిచేసిన కంపెనీలో ఇలాంటి చట్రంతోనే ఒక ప్రాజెక్టు వచ్చింది. ఒకే రూపంలో ఉన్న ఆల్కహాల్ చేతిలో ఉంది. దాన్ని థయొనైల్ క్లోరైడ్‌తో క్లోరైడ్‌గా మార్చి, ఆ తర్వాత అమీన్‌తో కలపాలన్నది ఆలోచన. క్లోరైడ్ వచ్చింది, రొటేషన్ కూడా కనిపించింది. దాన్ని అసిటోనైట్రైల్‌లో కరిగించి పక్కన పెట్టారు. మర్నాడు చూస్తే రొటేషన్ దాదాపు లేదు. మామూలు హెచ్‌పీఎల్‌సీలో ప్యూరిటీ మాత్రం నిన్న ఎంతో ఇవాళా అంతే. కొత్త పీక్ ఒక్కటీ లేదు. పోలారిమీటర్ గొట్టం కడిగారు, గాఢత మళ్లీ లెక్కేశారు, తేమ చేరిందేమోనని చూశారు. కొత్తగా చేరిన ఒక కుర్రాడు నా దగ్గరకొచ్చి, ‘మేడమ్, మనం న్యూక్లియోఫైల్ వెయ్యనే లేదు కదా, రెసిమైజ్ ఎలా అవుతుంది?’ అన్నాడు.

ఆ ప్రశ్నలో ఆ పిల్లాడి తప్పేమీ లేదు. ఇంటర్ నుంచి ఎమ్మెస్సీ దాకా అతనికి మనం చెప్పిన పాఠం ప్రకారం అది న్యాయమైన ప్రశ్న. బయటి నుంచి ఎవరూ రాకపోయినా క్లోరైడ్ తనంతట తానే ఊడి, తిరిగి కలుస్తూ ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. అందుకే ప్రాజెక్టులో రోజులకు రోజులు అమీన్‌ను మార్చడం, బేస్‌ను మార్చడం, ఉష్ణోగ్రత తగ్గించడం గురించి చర్చలు జరిగాయి. నష్టం మాత్రం అమీన్ రాకముందే అయిపోయింది.

ఇలాంటి కార్బన్ రూపాన్ని క్లోరైడ్ దశలో కాపాడటం పెద్దవాళ్లకీ కష్టమే. 1996లో హార్వర్డ్‌లో ఇ.జె. కోరీ, క్రిస్టఫర్ హెలాల్ సెట్రిజిన్‌ను ఒకే రూపంలో తయారుచేసినప్పుడు, ఒక బెంజీన్ వలయానికి క్రోమియం ట్రైకార్బొనిల్ తగిలించి, కాటయాన్ ఇటూ అటూ తిరగకుండా పట్టి ఉంచాల్సి వచ్చింది. పరిశ్రమలో ఎక్కువగా తెలిసిన దారి వేరు. ముందు రెండు రూపాలూ కలిసిన అమీన్ చేసుకుని, దాన్ని టార్టారిక్ ఆమ్లంతో లవణంగా మార్చి, ఒక రూపాన్ని స్ఫటికాలుగా వేరుచేస్తారు. నైట్రోజన్ క్లోరిన్‌లా ఊడిపోదు కాబట్టి అక్కడ రూపం నిలుస్తుంది. కానీ సరుకులో సగం పనికిరాని రూపంగా మిగిలిపోతుంది. కిలో మందు ధరలో ఆ సగానికీ వాటా ఉంటుంది.

1992లో అమెరికా ఎఫ్‌డీఏ కుడి, ఎడమ రూపాల మందుల మీద విధాన ప్రకటన చేసింది. అప్పటి నుంచి కొత్త మందు తెచ్చేవాళ్లు ఏ రూపం ఎంత ఉందో లెక్క చెప్పాల్సిందే. ఆ లెక్కలు చూసేవాళ్లలో ఎంతోమంది మన పిల్లలే. మేం తుర్కయంజాల్‌లో ఉంటాం. నాగార్జునసాగర్ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న కాలనీల్లో వీధికొకరైనా ఫార్మాలో పనిచేసేవారు కనిపిస్తారు. తెల్లవారుజామున బ్యాగు భుజాన వేసుకుని ఎల్బీనగర్ వైపు బయల్దేరేవాళ్లలో చౌటుప్పల్ దారి పట్టేవాళ్లు ఉన్నారు, జీడిమెట్ల, బొల్లారం దాకా పోయేవాళ్లూ ఉన్నారు.   బాలానగర్ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. తార్నాకలో ఉన్న రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ 1944లో మొదలైంది. ఇన్ని ఉన్న ఊళ్లో అయాన్ జంట పేరు వినకుండా ఎమ్మెస్సీ పట్టా పుచ్చుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకం తీయండి. ఎస్‌ఎన్‌1కి ఉదాహరణగా ఒకే రూపంలో ఉన్న 2-బ్రోమోబ్యూటేన్‌ను నీటితో చర్య జరిపితే రెండు రూపాలూ కలిసిన బ్యూటన్-2-ఆల్ వస్తుందని ఉంటుంది. నాకు ఇది అస్సలు నచ్చని ఉదాహరణ. ఇలాంటి సెకండరీ సాదా ఆల్కైల్ గ్రూపుల్లో, ద్రావణితోనే చర్య జరిగినప్పుడు, ఎక్కువగా కనిపించేది ఇన్వర్షనే. నీటిలో 2-ఆక్టైల్ మిథేన్‌సల్ఫొనేట్ దాదాపు పూర్తిగా తలకిందులవుతుంది. టెర్షియరీ కార్బన్ దగ్గర కూడా లెక్క సగం సగం రాదు. 6-క్లోరో-2,6-డైమిథైల్ ఆక్టేన్‌ను నీటితో కలిపితే వచ్చే ఆల్కహాల్‌లో తిరగబడిన రూపం సుమారు 60 వంతులు, పాత రూపం 40. అయాన్ జంట తెలిసిన పిల్లకు ఈ 60 ఎందుకో క్షణంలో అర్థమవుతుంది: క్లోరైడ్ ఇంకా ముందు వైపు అడ్డంగా ఉంది కాబట్టి నీటికి వెనక దారి సులువు. కాటయాన్ ఎంత స్థిరంగా ఉండి ఎంత ఎక్కువసేపు బతికితే లెక్క అంత సగం సగానికి దగ్గరపడుతుంది. అందుకే 80 శాతం అసిటోన్ కలిసిన నీటిలో 1-ఫినైల్ ఇథైల్ క్లోరైడ్ దాదాపు 98 శాతం రెసిమైజ్ అవుతుంది. అయాన్ జంట తెలియని పిల్ల మాత్రం ‘పార్షియల్ రెసిమైజేషన్’ అని ఇంకో మాట వల్లె వేస్తుంది.

అయాన్ జంట ఎప్పుడూ నష్టమే తెస్తుందని కాదు. థయొనైల్ క్లోరైడ్‌తో కొన్ని బెంజైలిక్ ఆల్కహాల్స్ పాత రూపాన్ని నిలుపుకుంటూ క్లోరైడ్‌గా మారతాయి. క్లోరోసల్ఫైట్ ఊడి జంటగా పక్కనే ఉండి, సల్ఫర్ డైఆక్సైడ్‌ను వదిలేసి, అదే వైపు నుంచి క్లోరైడ్‌ను అందిస్తుంది. అదే ఫ్లాస్కులో పిరిడీన్ వేస్తే విడి క్లోరైడ్ వెనక నుంచి వచ్చి రూపం తిరగబడుతుంది. ప్లాంట్లలో వాడే టీబీఏబీ (టెట్రాబ్యూటైల్ అమ్మోనియం బ్రోమైడ్) పని కూడా అయాన్ జంట పనే. నీళ్లలో ఉన్న మైనస్ అయాన్‌ను జంటగా వెంటపెట్టుకుని టాలుయీన్‌లోకి తీసుకెళ్తుంది. 2021లో నోబెల్ అందుకున్న బెంజమిన్ లిస్ట్ 2006లో చూపించిన పద్ధతుల్లో ఒకటి, ప్లస్ పక్కన ఒకే రూపంలో ఉన్న మైనస్‌ను జంటగా పెట్టి, పుట్టే పదార్థం ఏ రూపంలో రావాలో దానితోనే నిర్ణయింపజేయడం.

ఇంటర్ పిల్లలకు ఇదంతా బరువు అని తోటి మాస్టార్లు అంటారు. వాళ్లకు మనం హైబ్రిడైజేషన్ చెబుతున్నాం, ఆర్బిటాల్స్ గీయిస్తున్నాం, పేరున్న చర్యలు డజన్ల కొద్దీ బట్టీ పట్టిస్తున్నాం. ‘ఊడిన గ్రూపు కాసేపు పక్కనే ఉంటుంది, అందుకే వెనక వైపు నుంచి దాడి కొంచెం ఎక్కువ, కొన్నిసార్లు అది తిరిగి కలిసిపోతుంది కూడా’ అన్న మాట వాటికంటే బరువేమీ కాదు. ఇంటర్ పుస్తకం రాసే తెలుగు అకాడమీ ఈ మాట చేర్చి, 2-బ్రోమోబ్యూటేన్ లాంటి ఉదాహరణ ఉంటే తీసేసి, 60-40 లెక్క ఉన్న ఉదాహరణ పెట్టాలి. ప్రశ్నపత్రం కూర్చేవాళ్లు ‘పూర్తి రెసిమైజేషన్’ను సరైన జవాబుగా ఇవ్వడం మానాలి. కీ మారితే దిల్‌సుఖ్‌నగర్ బోర్డులు వారంలో మారతాయి, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

డిగ్రీ, పీజీ కాలేజీల ల్యాబుల్లో పోలారిమీటర్ ఉంటుంది. దాన్ని ఎక్కువగా చక్కెర ఇన్వర్షన్ ప్రయోగానికి బయటికి తీస్తారు, తర్వాత బీరువాలో పెడతారు. బ్యూరెట్లు ఎలాగూ ఉన్నాయి. టెర్షియరీ బ్యూటైల్ క్లోరైడ్ చర్యను టైట్రేట్ చేయడం పిల్లలకు అలవాటే. ఒకే రూపంలో ఉన్న 1-ఫినైల్ ఇథైల్ క్లోరైడ్ కొన్ని గ్రాములు యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ చేసి పంచితే చాలు, ఇద్దరు విద్యార్థులు ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకరు గొట్టంలో భ్రమణం రాసుకుంటూ, ఇంకొకరు ఆమ్లం టైట్రేట్ చేస్తూ రెండు గీతలు గీయగలరు. మొదట ఎక్కువ నీరున్న ద్రావణిలో, తర్వాత అసిటిక్ ఆమ్లంలో. మొదటిదాంట్లో గీతలు దగ్గర దగ్గరగా నడుస్తాయి, రెండోదాంట్లో విడివడతాయి. ఎందుకు విడివడ్డాయో ఆ ఇద్దరూ రికార్డులో తమ మాటల్లో రాయాలి. మార్కులు ఆ వివరణకే వేయాలి.